రెండంగుళాలు చెప్తే నాలుగు పోయే లెక్క

జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నవాళ్ళ నోట తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: రెండంగుళాలు తీయమంటే నాలుగు తీసేశారని. పార్లర్‌లో జరిగితే నెపం అవతలివాళ్ళ మీదికి నెట్టేయొచ్చు. ఇంట్లో, టేపు పెట్టి కొలుచుకుని, అద్దంలో రెండుసార్లు చూసుకుని మరీ కత్తిరించుకున్నవాళ్ళు కూడా ఇదే మాట అంటున్నారంటే మాత్రం అసలు సంగతి కత్తెర పట్టిన చేతిలో లేదన్నమాట.

హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం కాలనీల్లో ఆదివారం పొద్దున ఈ పని కొత్తేమీ కాదు. చిలకానగర్‌లోనో, స్నేహపురి కాలనీలోనో ఓ బాల్కనీ. అందులో ప్లాస్టిక్ కుర్చీ, కూర్చున్న పిల్ల మెడ చుట్టూ పాత చున్నీ, గోడకు ఆనించిన ఫోన్‌లో నడుస్తున్న యూట్యూబ్ వీడియో. తలస్నానం చేయించి, నీళ్ళు కారుతున్న జుట్టును దువ్వెనతో నిలువునా కిందికి లాగి, "కదలకే, వంకర పోతది" అంటూ తల్లి కత్తెర వేస్తుంది. భుజాల కింద రెండు వేళ్ళ దూరంలో గీత గీసినట్టు కుదురుతుంది. గంటయ్యాక చూస్తే ఆరిన జుట్టు భుజాలు వదిలేసి మెడ మీదికి ఎక్కి కూర్చుంటుంది.

ఇంటి కటింగుకు ఊపు తెచ్చింది 2020. ఆ మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలయ్యాక సెలూన్లు, పార్లర్లు దాదాపు రెండు నెలలు మూతపడ్డాయి. ట్రిమ్మర్లు మగవాళ్ళ సమస్యను కొంత తీర్చాయి. పొడవు జుట్టు ఆడవాళ్ళకు మాత్రం వంటింటి కత్తెరే దిక్కయింది. సెలూన్లు మళ్ళీ తెరుచుకున్నాయి గానీ అలవాటు మాత్రం చాలా ఇళ్ళలో అలాగే ఉండిపోయింది. మంగళవారం కటింగ్ షాపులు బంద్ పెట్టే ఊళ్ళో, ఏ వారమైనా పని జరిగే చోటు ఇల్లొక్కటే కదా!

కత్తిరించేది ఏమిటో ముందు చూడాలి. తల చర్మంలో పాతుకున్న కుదురు ఒక్కటే బతికి ఉంటుంది. బయటికి కనబడేదంతా కెరటిన్ అనే ప్రోటీన్‌తో పేనిన, ప్రాణంలేని పోగు. మనిషి తల మీద ఇలాంటివి సుమారు లక్ష ఉంటాయి. ఒక్కోదాని మందం 50 నుంచి 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు లోపే. పోగు పైన అయిదు నుంచి పది పొరలుగా సన్నటి పొలుసులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. వాటి అంచులన్నీ కొస వైపే చూస్తుంటాయి. లోపలి గుజ్జుభాగంలో కెరటిన్ పోగులు పొడవునా సాగి ఉంటాయి. బలం, సాగుడు, వంపు అన్నీ ఆ లోపలి భాగానివే.

జుట్టు నెలకు ఒక సెంటీమీటరు కంటే కొద్దిగా ఎక్కువ పెరుగుతుంది. ఈ లెక్కన 60 సెంటీమీటర్ల జడ చివర నాలుగున్నరేళ్ళ కిందటిది. అది అప్పటి నుంచి ప్రతి తలస్నానాన్నీ, ప్రతి దువ్వెననూ, ఉప్పల్ రింగ్‌రోడ్డు దుమ్మునూ, హెల్మెట్ రాపిడినీ, మే నెల ఎండనూ భరిస్తూ వచ్చింది. చర్మానికి గాయమైతే మానుతుంది, ఎందుకంటే కింద బతికిన కణాలున్నాయి. జుట్టు కొసకు ఆ అవకాశం లేదు. పొలుసులు ఒక్కొక్కటే రాలిపోయి, లోపలి పోగులు బయటపడి, చివరికి రెండుగా మూడుగా చీలుతుంది. కొసలు చిట్లడమంటే ఇదే. ఏ సీరమ్ రాసినా చీలిన పోగును కాసేపు అతికించినట్టు కనబడుతుందే తప్ప అది మళ్ళీ ఒక్కటవదు. కత్తిరించడం ఒక్కటే మందు.

నూనె ఉపయోగం దీనికి ముందు దశలో ఉంది. 2003లో ముంబయికి చెందిన రేలే, మొహిలే అనే ఇద్దరు పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. జుట్టు కడిగినప్పుడు పోయే ప్రోటీన్‌ను తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. దాని అణువులు చిన్నవి, నిటారుగా ఉంటాయి కాబట్టి పోగు లోపలికి చొరబడగలిగాయి. ఆ ఇద్దరూ కొబ్బరినూనె అమ్మే కంపెనీ పరిశోధన విభాగంలో పనిచేసేవాళ్ళేనన్న సంగతి కూడా పాఠకులు గుర్తుంచుకోవాలి. అయినా తలంటుకు ముందు రోజు నూనె పెట్టే అమ్మమ్మల పద్ధతికి ఈ ఫలితంతో పేచీ ఏమీ లేదు.

ఇక అసలు లెక్క. తడి జుట్టు సాగుతుంది కాబట్టి ఆరాక పొట్టిదవుతుందని చాలామంది చెప్తారు. అందులో సగమే నిజం.

వెంట్రుక తన బరువులో 30 శాతం దాకా నీటిని పీల్చుకుంటుంది. లోపలి కెరటిన్ పోగులను పట్టి ఉంచే బంధాల్లో హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి, నీరు చేరగానే విడిపోతాయి. ఆరగానే, అప్పుడు జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో మళ్ళీ ముడిపడతాయి. రాత్రి తడి జుట్టుకు జడ వేసుకుని పడుకుంటే పొద్దునకు అలలు తేలడం ఈ కారణంగానే. గంధకంతో ఏర్పడే డైసల్ఫైడ్ బంధాలు వేరే జాతి. నీళ్ళకు అవి లొంగవు, పార్లర్‌లో వాడే రసాయనాలకే లొంగుతాయి. తడిసిన పోగు పొడిదానికంటే తేలిగ్గా సాగుతుందనేది కూడా నిజమే, బలంగా గుంజితే 30 శాతం వరకు సాగి తెగకుండా వెనక్కి రాగలదు. కానీ దువ్వెనతో లాగే బలం వేలాది పోగుల మధ్య పంచుకుపోతుంది. ఒక్కో పోగు వాటాకు వచ్చేది ఆ మాత్రం సాగదీయడానికి ఏ మూలకూ చాలదు.

మరి నీటి వల్లే పెరిగే పొడవెంత? దీనికి జవాబు రెండు శతాబ్దాల కిందటే దొరికింది. జెనీవా శాస్త్రవేత్త హొరాస్ బెనెడిక్ట్ ద సొస్యూర్ 1783లో మనిషి వెంట్రుకతో గాలిలో తేమ కొలిచే పరికరాన్ని వర్ణించాడు. పూర్తిగా ఎండిన గాలి నుంచి తేమ నిండిన గాలికి వచ్చేసరికి వెంట్రుక రెండు, రెండున్నర శాతం పొడవు పెరుగుతుంది. ఆ కొద్ది పెరుగుదలనే ముల్లుకు తగిలించి తేమను చదివేవారు. వాతావరణ కేంద్రాల్లో ఈ సూత్రం చాలాకాలం నడిచింది. ఆ లెక్కన 30 సెంటీమీటర్ల జుట్టు తడిస్తే పెరిగేది ఏడున్నర మిల్లీమీటర్లు మించదు. పోయిన రెండంగుళాలకు, అంటే అయిదు సెంటీమీటర్లకు, ఇది ఎంతమాత్రం సమాధానం కాదు.

ఆ రెండంగుళాలు వంపుల్లో దాక్కున్నాయి. తెలుగువాళ్ళ జుట్టు ఎక్కువగా అటు పూర్తి నిటారూ కాదు, ఇటు పూర్తి రింగులూ కాదు. అలలు అలలుగా ఉంటుంది. తడిసినప్పుడు హైడ్రోజన్ బంధాలు విడిపోయి, పీల్చిన నీటి బరువు తోడై, దువ్వెన లాగుడుకు అలలన్నీ సాపవుతాయి. టేపు కొలిచేది ఆ సాపు పొడవును. ఆరాక అలలు తమ చోటికి తాము వస్తాయి. పోగు పొడవు మారదు, అది కిందికి దిగే దూరం మారుతుంది. అందుకే నిటారు జుట్టువాళ్ళు తడి మీద కత్తిరించుకున్నా పెద్దగా నష్టపోరు. ఉంగరాల జుట్టువాళ్ళు పొడిగా ఉన్నప్పుడే, దువ్వి లాగకుండా, అది వాలిన తీరులోనే కత్తిరించుకోవడం మేలు. నుదుటి మీది ఫ్రింజ్ విషయంలో ఇది మరీ ముఖ్యం. తడిగా కనుబొమల దాకా దిగిన ఫ్రింజ్ ఆరాక నుదుటి మధ్యలో ఆగిపోతే, పోయిన మూడు సెంటీమీటర్లు తిరిగి రావడానికి రెండున్నర నెలలు పైనే పడుతుంది.

కత్తిరించిన నెల కూడా లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలి తేమ 30 శాతం దరిదాపుల్లో ఉంటుంది, ఆగస్టులో 70 దాటుతుంది. ఎండాకాలంలో తీర్చిదిద్దినట్టున్న కటింగు వానాకాలంలో ఉబ్బి రేగడానికి కారణం ఎవరి చెయ్యీ కాదు. గాలిలో తేమను పోగులు పీల్చి, బంధాలు విప్పుకుని, తమ సహజ వంపుకు పోవడమే.

ఇంకో కారణముంది. టేపుకు అందనిది, తెలిసినవాళ్ళు కూడా తక్కువ పట్టించుకునేది. అది బరువు.

మందం 80 మైక్రాన్లు అనుకుంటే వెంట్రుక ఒక మీటరు పొడవుకు తూగేది ఆరున్నర మిల్లీగ్రాములు. 60 సెంటీమీటర్ల పోగు దాదాపు నాలుగు మిల్లీగ్రాములు. లక్ష పోగులూ ఆ పొడవే ఉన్నాయనుకుంటే మొత్తం 390 గ్రాములు. నిజానికి అన్నీ ఒకే పొడవు ఉండవు కాబట్టి అంతకంటే తక్కువే తూగుతుంది. 20 సెంటీమీటర్లకు కత్తిరిస్తే ఈ బరువు మూడో వంతుకు పడిపోతుంది. తల తేలికైందని పిల్లలు ఊపి ఊపి చూసుకోవడం ఉత్తి ముచ్చట కాదు, కొంత బరువు నిజంగానే దిగింది.

బరువు దిగాక జుట్టు ఆకారం ఎలా మారుతుందో 2012లో ముగ్గురు భౌతికశాస్త్రవేత్తలు లెక్కగట్టారు. కేంబ్రిడ్జ్‌లోని రేమండ్ గోల్డ్‌స్టెయిన్, యూనిలీవర్‌కు చెందిన పాట్రిక్ వారెన్, వారిక్ విశ్వవిద్యాలయంలోని రాబిన్ బాల్ పోనీటెయిల్ ఆకారానికి సమీకరణం రాసి 'ఫిజికల్ రివ్యూ లెటర్స్'లో ప్రచురించారు. పోనీటెయిల్‌ను కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ, ఆకారం తమ లెక్క ప్రకారమే మారుతోందా అని చూశారు. ఆ ఏడాదే వాళ్ళకు ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. ఈ పనికి సరిగ్గా సరిపోయింది.

వాళ్ళ లెక్కలో కీలకమైన దూరం సుమారు అయిదు సెంటీమీటర్లు. అంతకంటే పొట్టి వెంట్రుక తన బిరుసుతో నిలబడగలదు, అంతకంటే పొడుగైతే భూమ్యాకర్షణకు తలవంచుతుంది. జుట్టు పొడవును ఈ దూరంతో భాగిస్తే వచ్చేదానికి వాళ్ళు రపుంజెల్ సంఖ్య అని పేరు పెట్టారు. గ్రిమ్ సోదరుల కథలో బురుజు కిటికీలోంచి జడ కిందికి జారవిడిచే పిల్ల పేరది. 60 సెంటీమీటర్ల జుట్టుకు ఆ సంఖ్య 12, బరువుదే పెత్తనం. 20 సెంటీమీటర్లకు 4, బరువూ బిరుసూ తగవులాడుకుంటాయి. ఎనిమిది సెంటీమీటర్ల ఫ్రింజ్‌కు ఒకటిన్నర పైచిలుకు, అది తన ఇష్టం వచ్చిన దిక్కుకు లేస్తుంది. పొడవు జుట్టులో పైభాగాన ఉన్న అలలు కింది బరువుకు సాగి ఏళ్ళ తరబడి కనబడకుండా ఉంటాయి. కింది భాగం తెగిపడగానే అవి పైకి లాక్కుంటాయి. 'నా జుట్టు ఇంత ఉంగరాలు తిరిగి ఉంటుందని నాకే తెలియదు' అని కటింగు తర్వాత ఆశ్చర్యపోయేవాళ్ళంతా చూస్తున్నది దీన్నే. పెద్ద మార్పు చేసేటప్పుడు అనుకున్నదానికంటే నాలుగు వేళ్ళు కింద ఆపి, ఒక రోజు ఆగి, మిగతాది తర్వాత తీయమని చెప్పేది కూడా ఇందుకే.

బరువు ప్రసక్తి వచ్చింది కాబట్టి ఇంకో నమ్మకం సంగతీ తేల్చేయొచ్చు. పొడుగు జడ బరువుకు కుదుళ్ళు వదులై జుట్టు రాలుతుందని పెద్దవాళ్ళు చాలామంది అంటారు. ఎదుగుతున్న వెంట్రుకను కుదురుతో సహా పీకాలంటే పదుల గ్రాముల బలం కావాలి. దాని సొంత బరువు నాలుగు మిల్లీగ్రాములు, కొన్ని వేల రెట్లు తక్కువ. ఆ నాలుగు మిల్లీగ్రాములు అలను సాపు చేయగలవు గానీ కుదురును కదిలించలేవు. కదిలించేది బిగుతు. రోజూ నెత్తిన లాగి కట్టే పోనీటెయిల్, స్కూలు కోసం బిగించి అల్లే రెండు జడలు ఏళ్ళ తరబడి సాగితే నుదుటి అంచునా కణతల దగ్గరా జుట్టు పలచబడుతుంది. కటింగు తర్వాత రాలడం తగ్గిందనిపించడానికి మరో చిన్న కారణం ఉంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. 60 సెంటీమీటర్లవి 100 రాలితే బాత్రూమ్ జాలీలో చుట్టుకునేది 60 మీటర్ల పోగు. 20 సెంటీమీటర్లవి అయితే 20 మీటర్లే. రాలినవి అన్నే, ఉండ మాత్రం చిన్నది.

పొడుగు జుట్టును రబ్బరు బ్యాండు వేసి ఒక్క వేటుకు తెంపేయాలని చూసేవాళ్ళకు రెండు చిక్కులు ఎదురవుతాయి.

మొదటిది తల గుండ్రంగా ఉండటం. మెడ వెనక బ్యాండు వేసి కత్తిరించినప్పుడు, మెడ దగ్గర మొలిచిన వెంట్రుక బ్యాండు చేరడానికి రెండు మూడు సెంటీమీటర్లు చాలు. నుదుటి పక్కన మొలిచింది చెవి మీదుగా వెనక్కి రావడానికి 20 సెంటీమీటర్ల దాకా ఖర్చు పెడుతుంది. బ్యాండు విప్పగానే ఆ ఖర్చు పెట్టిన పొడవు ముందుకు వచ్చేసి చెంపల పక్కన వేలాడుతుంది. ఫలితంగా వెనక పొట్టి, ముందు పొడుగు. కొందరు దీన్నే ఫ్యాషన్ అని అడిగి చేయించుకుంటారు, అది వేరే సంగతి. అదే బ్యాండు నడినెత్తిన వేస్తే కథ తిరగబడుతుంది. నడినెత్తి వెంట్రుకకు దారి ఖర్చు లేదు కాబట్టి అది పొట్టిగా మిగులుతుంది, మెడ దగ్గరది పొడుగ్గా మిగులుతుంది. అడగకుండానే లేయర్ కట్ తయారు. సమంగా రావాలంటే పాపిడి తీసి, జుట్టును నాలుగైదు పాయలు చేసి, ఒక్కో పాయ ఎక్కడ మొలిచిందో అక్కడి నుంచి నేరుగా కిందికి వాలేలా చూసుకుని కత్తిరించాలి.

రెండో చిక్కు కత్తెరది. లక్ష పోగులను గాలి సందు లేకుండా బిగించినా కోత ముఖం అయిదు చదరపు సెంటీమీటర్లే ఉంటుంది. చూడటానికి చిన్నదే, కానీ కత్తెరకు అది కొండ. పాల ప్యాకెట్లూ కొత్తిమీర కాడలూ కోసి మొద్దుబారిన కత్తెరను జడ మీద వేస్తే ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. బ్లేడ్లు మూసుకుంటున్న కొద్దీ జుట్టు కత్తెర కొన వైపు జారుతుంది. లోపలి పోగులు కొన్ని తెగుతాయి, మిగతావి నలిగి, మడతపడి, రెండు బ్లేడ్ల సందులో ఇరుక్కుంటాయి. ఇంకోసారి నొక్కితే కట్ట మొత్తం పక్కకు ఒరుగుతుంది. నాలుగైదు కరకరల తర్వాత తెగిన ముఖం ఏటవాలుగా ఉంటుంది. నలిగిన ప్రతి కొసా కొన్ని వారాల్లో చిట్లడానికి సిద్ధంగా ఉన్నట్టే. జుట్టు కత్తెరకు అంచు పదునుగా, బ్లేడ్ల మధ్య సందు లేకుండా ఉండేది ఈ నలుగుడు తప్పించడానికే.

పదును ఎందుకు పోతుందన్నది కూడా వింతే. ఉక్కు జుట్టుకంటే 50 రెట్లు గట్టిది. అయినా షేవింగ్ బ్లేడు కొన్ని వాడకాలకే మొండిదవుతుంది. అమెరికాలోని ఎంఐటీలో జాన్‌లూకా రొషోలీ, సెమ్ తసాన్ బృందం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసిన వివరాలు 2020 ఆగస్టులో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. వెంట్రుక నిటారుగా నిలబడి తెగినప్పుడు బ్లేడుకు పెద్ద హాని లేదు. అది వంగి, అంచు మీద పక్కవాటుగా ఒరిగినప్పుడే, ఉక్కులో ముందే బలహీనంగా ఉన్న చోట చిన్న చిన్న పెచ్చులు లేస్తాయి. పరిశోధన గడ్డం గీసే బ్లేడు మీద జరిగింది, కత్తెర మీద కాదు. అయినా పోగులు వంగిపోకుండా బిగువుగా పట్టుకుని, కొద్ది కొద్దిగా కత్తిరించమని సెలూన్ల వాళ్ళు చెప్పే మాట దీనికి దూరమేమీ కాదు.

కత్తిరిస్తే జుట్టు ఒత్తుగా పెరుగుతుందన్న నమ్మకానికి ఉప్పల్ మంచి కేంద్రం. యాదగిరిగుట్ట బస్సులు ఉప్పల్ రింగ్‌రోడ్డు నుంచే పోతాయి. పుట్టువెంట్రుకలు తీయించడానికి పసిపిల్లలతో ఎక్కే కుటుంబాలను అక్కడ ఏ సెలవు రోజైనా చూడొచ్చు. తలనీలాలు మొక్కు. ఒత్తుగా వస్తుందన్నది దాని పక్కన చేరిన ఆశ. మొక్కుతో విజ్ఞానానికి తగాదా లేదు. ఆశను మాత్రం 1928లోనే అమెరికా శరీర నిర్మాణ శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ పరీక్షించింది. నలుగురు పురుషుల గడ్డాలను గీయించి వెంట్రుకల మందం, పెరిగే వేగం కొలిస్తే ఏ మార్పూ లేదు. 1970లో మరో ఇద్దరు పరిశోధకులు ఐదుగురు యువకులకు నెలల తరబడి వారం వారం ఒకే కాలు గీయించి, రెండో కాలితో పోల్చారు. అక్కడా తేడా లేదు. కత్తి తగిలేది చచ్చిన పోగుకు. కింద కుదురుకు ఆ కబురే అందదు.

మరి ఒత్తుగా ఎందుకు అనిపిస్తుంది? ఎప్పుడూ కత్తి తగలని వెంట్రుక కొస సూదిగా సన్నబడి ఉంటుంది. తెగిన కొస పూర్తి మందంతో మొండిగా ఉంటుంది, చేతికి బిరుసుగా తగులుతుంది. పసిపిల్లల విషయంలో కాలం కూడా కలిసి వస్తుంది. పుట్టినప్పటి సన్నని జుట్టు తొలి నెలల్లో చాలామటుకు దానంతటదే రాలి, దాని చోట మందమైనది వస్తుంది. గుండు చేయించినా, చేయించకపోయినా వచ్చేదే. పేరు మాత్రం కత్తికి దక్కుతుంది.

ఇటు వైపు ఇళ్ళల్లో జుట్టు పొట్టిగా చేసుకోవాలనుకున్నవాళ్ళు చెప్పే మొదటి కారణం బోరునీళ్ళు. ఉప్పల్, నాచారం కింద ఉన్నది గ్రానైటు. రాతి పగుళ్ళలో నిలిచిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం కరిగి చేరతాయి. తాగునీటి కాఠిన్యానికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సరే అంటుంది. కాఠిన్యం ఎక్కువైన నీళ్ళలో సబ్బు నురగ రాదు, జుట్టు మీద మడ్డి పేరుకుంటుంది, దువ్వెన దిగదు. అంతవరకు ఎవరి అనుభవం వాళ్ళకే తెలుసు. పోగు బలం కూడా తగ్గుతుందా అంటే మాట తేలలేదు. 2013లో కోయంబత్తూరు వైద్యులు 15 మంది జుట్టును 30 రోజుల పాటు రోజు విడిచి రోజు పది నిమిషాలు కఠిన జలంలోనూ, శుద్ధ జలంలోనూ ముంచి చూస్తే బలంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2018లో పాకిస్తాన్‌లో మగవాళ్ళ జుట్టు మీద చేసిన పరీక్షలో కఠిన జలానికి బలం తగ్గింది. చిక్కు తీయలేక దువ్వెనతో గుంజినప్పుడు తెగే జుట్టు ఎటూ నీళ్ళ ఖాతాలోకే పోతుంది. పొట్టి జుట్టుకు ఈ బాధ తక్కువ. ఆఖరు చెంబుతో నల్లా నీళ్ళో ఫిల్టరు నీళ్ళో పోసుకుంటే పొడవు జుట్టుకూ కొంత తగ్గుతుంది.

వెంట్రుకను ఊడ్చిపారేసే వస్తువుగా చూడనివాళ్ళు ఉప్పల్ చుట్టుపక్కలే చాలామంది ఉన్నారు. రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, ఉప్పల్‌లో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీ, హబ్సిగూడలో 1977లో మొదలైన కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ. మన దేశంలో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు దారి వేసిన లాల్జీ సింగ్ పనిచేసింది సీసీఎంబీలోనే. కత్తెరతో తెగిన జుట్టు ఈ ప్రయోగశాలలకు కొంచెం మొండి సాక్షి. మనిషిని కచ్చితంగా గుర్తుపట్టే కేంద్రక డీఎన్ఏ ఎక్కువగా కుదురులో ఉంటుంది. కణాలు కెరటిన్‌తో నిండి గట్టిపడే క్రమంలో పోగులోని డీఎన్ఏ ముక్కలైపోతుంది. మైటోకాండ్రియా డీఎన్ఏ మాత్రం ప్రతి కణంలో వందల ప్రతులుగా ఉండటం వల్ల కొంత మిగులుతుంది. అది తల్లి నుంచి వచ్చేది కాబట్టి మనిషిని కాక తల్లి వంశాన్ని చెప్తుంది.

అది ఎంతకాలం మిగులుతుందనడానికి గొప్ప ఉదాహరణ అండమాన్‌ది. 1906-08లో మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అండమాన్ ఆదివాసుల జుట్టు కత్తిరింపులు సేకరించి కేంబ్రిడ్జ్ చేర్చాడు. దాదాపు శతాబ్దం తర్వాత సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్ విదేశీ సహచరులతో కలిసి 2003లో 'కరెంట్ బయాలజీ'లో ప్రచురించిన అధ్యయనంలో, ఇప్పటివాళ్ళ రక్త నమూనాలతో పాటు ఆ పాత జుట్టులోని మైటోకాండ్రియా డీఎన్ఏను కూడా చదివారు. ఆ దీవుల జనం ఎంత పురాతన కాలం నుంచి విడిగా ఉంటూ వచ్చారో చెప్పిన పత్రాల్లో అదొకటి.

బాల్కనీలో తెగిన జడకు ఇంత పెద్ద భవిష్యత్తు ఉండకపోవచ్చు గానీ దారులు మాత్రం ఉన్నాయి. క్యాన్సర్ రోగుల విగ్గుల కోసం దానమివ్వాలంటే సాధారణంగా 12 అంగుళాలు, కొన్నిచోట్ల 10 అంగుళాలు ఉండాలి. ఒక్క విగ్గుకు పలువురి జుట్టు పడుతుంది. ఇక్కడ తడి మీద కత్తిరించినవాళ్ళు ఇంకోసారి నష్టపోతారు. తేమతో కవరులో కట్టిన జడకు బూజు పడుతుంది. ఇక వీధుల్లోకి వచ్చి, దువ్వెన జుట్టు తీసుకుని స్టీలు గిన్నెలో బెలూన్లో ఇచ్చే సైకిలు మనిషి ఉన్నాడు. తిరుమల కల్యాణకట్ట జుట్టు ఈ-వేలంలో అమ్ముడవుతుంది. శుభ్రం చేసి ఎగుమతి చేసే వ్యాపారానికి ఏలూరుకు ఎప్పటి నుంచో పేరుంది.

గిన్నెల మనిషి ఇచ్చే రేటుకూ, కత్తిరించిన జడ రేటుకూ ఎక్కడా పొంతన ఉండదు. కారణం పొడవు ఒక్కటే కాదు, పొలుసుల దిక్కు కూడా. ఒక వెంట్రుకను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి పొడవు వెంట రుద్దితే అది ఎప్పుడూ ఒకే వైపుకు జరుగుతుంది, కుదురున్న వైపుకు. కొస వైపు వాలిన పొలుసులు వెనక్కి జారనివ్వవు. జడలో అన్ని పోగులూ ఒకే దిక్కున ఉంటాయి కాబట్టి ఒకదాని మీద ఒకటి నునుపుగా జారతాయి. దువ్వెనకు వచ్చిన చిక్కులో సగం ఇటు, సగం అటు తిరిగి ఉంటాయి. పొలుసు పొలుసుకు అడ్డుపడి ముడి మీద ముడి పడుతుంది. అలాంటి జుట్టును విగ్గుకు పనికొచ్చేలా చేయాలంటే ఆమ్లంలో ముంచి పొలుసులు కరిగించి, పైన సిలికాన్ పూత వేస్తారు. కొన్ని తలస్నానాలకు ఆ పూత పోగానే మళ్ళీ చిక్కు పడుతుంది. జడకు పైన ఒకటి, కింద ఒకటి రెండు బ్యాండ్లు వేసి, పై బ్యాండుకు కాస్త ఎగువన కత్తెర పెడితే ఈ వరుస చెడదు. బ్యాండు లేకుండా కత్తిరించి నేల మీద పడనిచ్చిన జుట్టు, పొడవు ఎంతున్నా, గిన్నెల మనిషి సంచిలోకే పోతుంది.